అంచు దాకా

ఇవాళ ఫోను తెరమీద సముద్రాలు పొంగుతుంటే వేలితో పక్కకి తోసేసి ఇంకోటి చూస్తున్నాం. ఇంట్లో వాడుకునే కంప్యూటర్లో గుక్కెడు నీళ్ళు నీళ్ళలా కనపడటం కోసం ఒకప్పుడు ఎంతమంది ఏళ్ళ తరబడి కళ్ళు కాయలు కాయించుకున్నారో ఎవరికి కావాలి? ఈ కథ అలా కూర్చున్న ఒకావిడది. పెద్ద పేరున్న మనిషేం కాదు. ఇప్పుడు రిటైరై మోకాళ్ళ నొప్పులకి మాత్రలు వేసుకుంటోంది.

ఆవిడ పనిచేసిన ఆఫీసు ఒక అచ్చు ప్రెస్సు మీద మేడ. కింద మిషను తిరిగితే పైన టేబుళ్ళ మీద టీ కప్పులు సన్నగా మోగేవి. ఆ మేడ మీద కూర్చుని, బొమ్మలు గీయడం తప్ప ఇంకో పనిలేని చిప్పు ఒకటి తయారుచేస్తున్నారు. అప్పటిదాకా కంప్యూటర్లో లెక్కలు చేసేదీ బొమ్మలు గీసేదీ ఒకటే చిప్పు. ఒంటి చేత్తో ఇంటెడు చాకిరీ చేసే కోడలికి ముగ్గులు కూడా నువ్వే పెట్టమన్నట్టు, ఆటలో ఒక గోడ కదలాలన్నా అది ఆయాసపడేది. ఆ బరువు దించాలని ఈ మేడ వాళ్ళ ఆశ.

అక్కడ ఎవరి అసలు పేరూ ఎవరికీ పట్టేది కాదు. ఎవరు ఏ ముక్క చేస్తే అదే వాళ్ళ పేరు. కంప్యూటరుకీ చిప్పుకీ మధ్య మాటలు మోసే ప్రోగ్రాం రాసేవాడు డ్రైవరు. అద్దె గది కోసం వెళ్ళినప్పుడు ఆ పేరే చెప్పుకుంటే ఇంటావిడ "ఏ బండి నడుపుతావు నాయనా?" అని అడిగిందట. ఇక ఈవిడ పేరు అంచులమ్మ. తెరమీద ఏ బొమ్మైనా చిన్న చిన్న త్రికోణాల అతుకే. ఒక్కో త్రికోణం ఒక్కో వరసలో ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో తేల్చి రెండు అంకెలు చెప్పడం ఈవిడ చేసిన ముక్క పని. ఆ అంకెలు అందుకుని వరసంతా చుక్కలు వేసుకుంటూ పోయే ముక్క ఈవిడ మొగుడిది. ఆయన వరసలాయన. అంచులమ్మకీ వరసలాయనకీ వరస భలే కుదిరిందని ఆఫీసులో పాత జోకు.

అంచుల సంగతి ఆవిడకి చిన్నప్పుడే తెలుసు. వాళ్ళది వరస ఇళ్ళ వీధి. రెండిళ్ళకీ మధ్య ఒకటే ఉమ్మడి గోడ. ఒక ఏడు ఇద్దరూ ఆ గోడకి రంగు వేయించి తెల్లబోయారు. మరుసటేడు పక్కవాళ్ళు వేస్తారులే అని ఇద్దరూ వదిలేస్తే గోడ బోసిగా మిగిలింది. చివరికి వీధి పెద్దలు కూర్చుని, ఎవరి ఎడమ గోడ వాళ్ళది, కుడి గోడ పక్కింటిది అని తేల్చారు. త్రికోణాలకీ ఆవిడ అదే న్యాయం పెట్టింది. రెండు త్రికోణాలు కలిసే చోట, కలిసే చుక్క దేనికి ఎడమ అంచైతే దాని సొత్తు. దేనికి కుడి అంచైతే అది ఆ చుక్కని ముట్టుకోకూడదు.

ఆఫీసు పెట్టిన పెద్దాయనకి ఒక నియమం ఉండేది. ఇద్దరి ముక్కలు కలిసే చోట ఏం అనుకున్నా కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఈ ఇద్దరి దగ్గరికొచ్చేసరికి ఆయనే నవ్వి ఊరుకున్నాడు. "మొగుడూ పెళ్ళాల మధ్య కాగితమేంటయ్యా" అన్నాడు. అలా ఆ ఒక్క ఒప్పందం కాగితం మీదకి రాలేదు.

చిప్పులు ఫ్యాక్టరీ నుంచి వచ్చేనాటికి ఆ మొగుడూ పెళ్ళాల మధ్య కాగితం కాదు కదా, మాట కూడా లేదు.

ఆ గొడవ ఇలా వచ్చింది. అత్తగారికి కంటి ఆపరేషనైంది. ఒక కంటికి కట్టు, రెండోది ముందునుంచీ అంతంతమాత్రం. ఆసుపత్రిలో ఎవరో ఒకరు దగ్గరుండాలి. "ఆదివారం దాకా నేనుంటా, తర్వాత నువ్వు" అంది కోడలు. "సరే" అన్నాడు కొడుకు. ఆదివారం పొద్దున్నే, ఈపాటికి ఆయన ఆసుపత్రి మెట్లెక్కుతూ ఉంటాడనుకుని ఆవిడ ఇంటికొచ్చి ఒళ్ళు తెలీకుండా నిద్రపోయింది. ఆయన మాత్రం ఆదివారం కూడా ఆవిడే ఉంటుందనుకుని, అప్పుడే పూర్తయిన చిప్పు డిజైను టేపులు ఫ్యాక్టరీకి అందించడానికి పొరుగూరు వెళ్ళాడు. మధ్యాహ్నం ముసలావిడకి దాహమేసింది. పిలిస్తే పలికేవాళ్ళు లేరు. నీళ్ళ కోసం తడుముకుంటూ లేచి పడ్డారు. తుంటి విరిగింది.

"ఆదివారం దాకా అన్నావు" అన్నాడాయన. "దాకా అన్నాను. ఆదివారం ఉంటానన్నానా?" అందావిడ. చేసింది చాలక మాట మారుస్తోందని ఆయన, రావడం మర్చిపోయి నెపం తన మీదకి తోస్తున్నాడని ఆవిడ. ఇద్దరికీ ఎదుటివాళ్ళు అబద్ధమాడుతున్నారని గట్టి నమ్మకం. కోపం కంటే ఆ నమ్మకమే ఎక్కువ కాల్చింది. అమ్మని తన అక్కగారింట్లో దింపి, "అమ్మ లేచి నడిచేదాకా ఇక్కడే ఉంటా" అని ఆయనా అక్కడే ఉండిపోయాడు. ముసలావిడ చేతికర్ర పట్టుకుని నడవనూ మొదలెట్టారు. ఈయన మాత్రం తిరిగి రాలేదు.

చదువుకునే రోజుల్నించీ ఒకరినొకరు నువ్వు అనుకునేవాళ్ళు. ఇప్పుడు ఆఫీసులో మీరు. అదీ నేరుగా కాదు, మధ్యలో డ్రైవరు. "ఆయన్ని ఆ ప్లగ్గు తీయమను." "ఆవిడనే తీసుకోమను." ఒకరిని అక్కా అనీ ఒకరిని బావా అనీ పిలిచే ఆ మనిషి ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా నలిగాడు.

చిప్పులు ఒక పొద్దున అట్టపెట్టెలో వచ్చాయి. మర్నాడు మధ్యాహ్నం, కంప్యూటర్లో గుచ్చుకునే బొమ్మల కార్డులు చేసి అమ్మే కంపెనీవాళ్ళు చూడటానికి వస్తున్నారు. వాళ్ళకి నచ్చితే ఈ చిప్పు కార్డుల మీదకెక్కి ఇళ్ళలోకి పోతుంది. నచ్చకపోతే మేడకి తాళం, అందరూ తలో దారి. పోటీ కంపెనీ చిప్పు గోడలూ నేలలూ బాగానే గీస్తోంది గానీ అవతలిది కనపడేలా నీళ్ళు గీయలేదు. వీళ్ళది గీస్తుంది. వాళ్ళు వచ్చేదే ఆ నీళ్ళు చూడటానికి.

పెద్దాయన తన చేత్తోనే చిప్పుని బోర్డు మీద గుచ్చాడు. డ్రైవరు మీట నొక్కాడు. తెరమీద గది వచ్చింది. ఇటుకలు, మెట్లు, స్తంభాలు అన్నీ జారిపోతున్నంత నున్నగా కదిలాయి. ఒకాయన కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. అంచులమ్మ అలవాటు కొద్దీ వరసలాయన వైపు చూడబోయి, ఆపుకుని గోడ గడియారం చూసింది.

తర్వాత కొలను వచ్చింది. నీలం నీళ్ళు, అడుగున రాళ్ళు. నీళ్ళ మీద పొడుగునా ముదురు గీతలు. ఎవరో చేపల వల పరిచినట్టు కొలనంతా గీతలే.

చప్పట్లు కొట్టినాయన నెమ్మదిగా కూర్చున్నాడు.

"ఇదెవరిది?" అన్నాడు పెద్దాయన. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదని అందరికీ అనిపించింది.

రంగులు కలిపే ముక్క రంగులాయనది కాబట్టి అందరి చూపూ ముందు ఆయన మీద పడింది. గంట సేపు తన లెక్కలన్నీ చూపించాడు. తప్పు లేదు. అంచులమ్మ తన ముక్క మళ్ళీ మొదటినుంచీ చూసుకుంది. తప్పు లేదు. వరసలాయన తనదీ చూసుకున్నాడు. తప్పు లేదని డ్రైవరు చేత చెప్పించాడు. ముందే ఎందుకు పట్టుకోలేదంటే, చిప్పు రాకముందు కంప్యూటర్లో ఉత్తుత్తి చిప్పు నడిపి చూడాలి, దానికి ఒక్క బొమ్మకే పొద్దుగూకేది. నీళ్ళకి ఒకే ఒక్క త్రికోణం గీసి చూసి, బాగుందని వదిలేశారు. అతుకు ఉంటే గదా అతుకులో తప్పు కనపడేది.

"తప్పు ఎవరిదో తేలితే దిద్దుకుంటాం" అన్నాడు పెద్దాయన. "ఎవరిదీ కాదంటే ఏం చేయను నేను? మళ్ళీ ఫ్యాక్టరీలో చేయించాలంటే కాలం పడుతుంది. అప్పటికి మనం ఉండం."

అంచులమ్మ కుర్చీ తెర ముందుకి లాక్కుంది. ఈ మేడ పోతే ఇంకో ఉద్యోగం దొరక్కపోదు. కానీ ఈ చిప్పులో ఆవిడ బతుకులో మంచి ఏళ్ళన్నీ ఉన్నాయి, ఆయనతో కలిసి నవ్విన రోజులతో సహా. అది చెత్తబుట్టలోకి పోతే ఆ రోజులకి ఇక సాక్ష్యం లేదు.

చూడగా చూడగా ఒకటి తట్టింది. నిలువు గీతలున్నాయి. ఏటవాలు గీతలున్నాయి. అడ్డగీతలు ఒక్కటీ లేవు. అంటే పై త్రికోణం కింది త్రికోణంతో కలిసే చోట బాగానే ఉంది. పక్కపక్కవి కలిసే చోటే ముదురు. ఒకే చుక్కకి రెండు పూతలు పడితేనే ముదురొస్తుంది. ఇటుకకైతే రెండు పూతలు వేసినా ఇటుకే, తెలీదు. అవతలిది కనపడే నీళ్ళకి తెలిసిపోతుంది. ఉమ్మడి గోడకి ఇద్దరూ రంగు వేశారు. కానీ ఎలా? కుడి అంచైనది ఆ చుక్కని ముట్టుకోకూడదని తనే కదా కట్టడి చేసింది.

వెనక పెద్దాయన ఫోను పెట్టేసి అంటున్నాడు. "వాళ్ళని ఒక రోజు ఆగమన్నాను. రేపటిదాకానే టైము, ఆ తర్వాత మాకు కుదరదన్నారు."

"రేపటిదాకా అంటే రేపు కూడా కలుపుకునా సార్? ఇవాళ్టితో సరా?" అన్నాడు డ్రైవరు.

ఆవిడ తెర మీంచి చూపు తిప్పి డ్రైవరు వైపు చూసింది.

వంటిల్లు గుర్తొచ్చింది. ఆయన ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఈవిడ గిన్నె కడుగుతూ వెనక్కి తిరక్కుండానే అంది, "నేను రెండంకెలిస్తా. ఎడమంకె నుంచి కుడంకె దాకా వేసుకుంటూ పో." ఆయన ముక్కు ఎగపీల్చి "సరే" అన్నాడు. అంతే. ఒప్పందమంతా అదే. కుడంకె దాకా, అంటే అది వచ్చేలోపే ఆగాలని ఆవిడ లెక్క. ఆదివారం దాకా అంటే శనివారంతో సరి అన్న లెక్క.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే కాగితం రాయని తప్పు నలుగురిలో బయటపడుతుంది, దాంతో పాటు ఆ ఆదివారమూ. చెప్పకపోతే రేపు మధ్యాహ్నంతో అన్నీ అయిపోతాయి. ఆవిడ లేచి నేరుగా ఆయన టేబుల్ దగ్గరికి నడిచింది. డ్రైవరు అలవాటుగా మధ్యలోకి రాబోయి ఆగిపోయాడు.

"దాకా అంటే నీకేంటి?"

నువ్వు అని వినేసరికి ఆయన తలెత్తాడు. మాట అర్థమయ్యాక మొహం గట్టిపడింది. "ఇక్కడ కూడానా? నలుగురిలో మళ్ళీ ఆ ఆదివారమేనా?"

"ఆదివారం కాదు. చిప్పులో. నా కుడంకె వచ్చాక నీది ఏం చేస్తుంది? ఆ చుక్క వేసి ఆగుతుందా, వేయకుండా ఆగుతుందా?"

ఆయన సొరుగులోంచి తన డిజైను తీసి టేబుల్ మీద పరిచాడు. ఇద్దరూ వంగి చూశారు. వేలు పెట్టి వెతకాల్సిన పని లేదు. అంకె కలిసిందా చూడు, కలిస్తే ఆ చుక్క వేసి ఆగు. అలాగే ఉంది.

"వేసే ఆగుతుంది" అన్నాడు. "కుడంకె దాకా అన్నావుగా. దాకా అంటే అదీ కలిపే కదా."

ఆవిడ ఆ గీతల్నే చూస్తూ ఉండిపోయింది. ఇది ఆ ఆదివారానికి ఎంతో ముందు గీసింది. అప్పటికి గొడవ లేదు, తప్పించుకోవాల్సిన అవసరమూ లేదు. ఈ మనిషి లోకంలో దాకా అంటే నిజంగానే కలుపుకుని. అబద్ధమాడలేదు. ఇన్నాళ్ళూ అబద్ధాలకోరు అని తను అనుకున్న మనిషి ఆయన కాదు. ఆవిడకి ఏడుపొచ్చింది, కానీ అది ఏడవడానికి వేళ కాదు.

ఆయన కూడా అక్కడికే వచ్చినట్టున్నాడు. "నీ అంకె..." అని ఆగాడు. "నువ్వు ఆ చుక్క వదిలేసే లెక్కతోనే ఇచ్చావా? మొదట్నించీ?"

"మొదట్నించీ."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

డ్రైవరు దగ్గాడు. "అక్కా, బావా, నాకూ కొంచెం చెప్తే..."

"చిప్పుకి పంపే ముందు కుడి అంచులోంచి ఒక చుక్క వెనక్కి లాగు" అందావిడ. "ప్రతి త్రికోణానికీ."

"అంతేనా?"

"అంతే. కానీ ఆగు." ఆవిడ మళ్ళీ మొగుడి వైపు తిరిగింది. ఇదే అసలు భయం. "మరీ సన్నటివి ఉంటాయి. ఎడమా కుడీ ఒకే చుక్క మీద పడతాయి. ఒకటి లాగితే కుడి ఎడమ కంటే వెనక్కి పోతుంది. అప్పుడు నీది ఆగేదెక్కడ? తెర చుట్టూ గీసుకుంటూ పోతుందా?"

గదిలో అందరూ ఆయన నోటి వంకే చూశారు. పోతుందంటే ఇక దారి లేదు.

"పోదు" అన్నాడాయన. "కుడి వెనకుంటే మొదలే పెట్టదు. ఆ జాగ్రత్త పెట్టాను."

"మనం అనుకోలేదే అది. ఎందుకు పెట్టావు?"

ఆయన డిజైను మడతపెడుతూ, ఎటో చూస్తూ చెప్పాడు. "ఎప్పుడైనా నీ అంకె తేడా వస్తే తెరంతా పాడైపోతుంది. అందరూ నిన్నంటారు. అనకూడదని పెట్టాను."

పెద్దాయన అప్పటికే వెనక వచ్చి నిలబడి ఉన్నాడు.

"ఈ దాకా సంగతి ఎక్కడ అనుకున్నారు మీరు?"

"వంటింట్లో సార్" అందావిడ. "కాగితం రాయలేదు. తప్పే."

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. రాయక్కర్లేదని నవ్వింది తనే అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి ఉంటుంది, మెడ రుద్దుకున్నాడు. "రేపు నీళ్ళు నీళ్ళలా ఉంటే క్షమిస్తాను. లేకపోతే క్షమించడానికి నాకు ఆఫీసుండదు."

డ్రైవరు ఆ ఒక్క తీసివేత రాసి మీట నొక్కాడు. గది, మెట్లు, స్తంభాలు, కొలను వచ్చాయి. నీళ్ళు, అడుగున రాళ్ళు, అంతే. రంగులాయన తెర దగ్గరికెళ్ళి గీత కోసం గోటితో గీకి చూశాడు. ఎక్కడా లేదు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పొద్దున కొట్టిన చప్పట్లకి తగిన శాస్తి జరిగిందని అందరికీ గుర్తుంది.

మర్నాడు వచ్చిన కార్డుల కంపెనీ పెద్దమనిషి నీళ్ళని నీళ్ళలా చూడలేదు, నేరం చూసినట్టు చూశాడు. దగ్గరికి పొమ్మన్నాడు, పక్కకి తిప్పమన్నాడు. నీళ్ళ ముందు ఒక గాజు కిటికీ పెట్టగలరా అన్నాడు. డ్రైవరు పెట్టాడు. కిటికీలోంచి కొలను, కొలనులోంచి రాళ్ళు కనపడ్డాయి. పెద్దమనిషి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, "ఎప్పటికి ఇవ్వగలరు?" అన్నాడు. పెద్దాయన నెలాఖరు దాకా అనబోయి నాలుక కరుచుకున్నాడు. తేదీ చెప్పాడు.

ఆ తర్వాత ఆ మేడ మీద దాకా అన్న మాట ఒంటరిగా ఎవరూ వాడలేదు. కలుపుకుని దాకా, వదిలేసి దాకా. అంచులమ్మ ఇంకా ఎన్నో చిప్పులకి అంచులు గీసింది. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ మొదటి పాఠం ఇదే చెప్పేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆవిడ నవ్వేది కాదు.

నవ్వకపోవడానికి కారణం ఆ రోజు సాయంత్రంలో ఉంది. కంపెనీవాళ్ళు వెళ్ళగానే ఆవిడా ఆయనా కలిసి అక్కగారింటికి వెళ్ళారు. అత్తగారు వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని. కొడుకు ఉత్సాహంగా కథంతా చెప్పాడు. అబద్ధం ఎవరూ ఆడలేదమ్మా, ఒకే మాట, ఇద్దరికీ రెండర్థాలు, చూడు ఎంత చిత్రమో అన్నాడు. కోడలు కూడా తల ఊపింది. నిన్నట్నుంచీ గుండెల మీద బరువు దిగినట్టుంది ఆవిడకి.

ముసలావిడ శ్రద్ధగా విన్నారు.

"అయితే మీ చిప్పులో ఆ చుక్కకి ఇద్దరూ రంగు వేశారు."

"అవునత్తయ్యా."

"నా దగ్గరికి ఇద్దరూ రాలేదు."

కొడుకు మొహంలో ఉత్సాహం పోయింది.

"మీ లెక్కలు రెండూ సరైనవే అయ్యుంటాయమ్మా. నేను కాదనను. ఆ పూట మాత్రం నేనొక్కదాన్నే ఉన్నాను" అన్నారావిడ. కోపంగా కాదు. జరిగింది చెప్పినట్టు.

అంచులమ్మకి అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ తను వాదించింది మొగుడితో. ఎవరిది తప్పని, ఎవరిది అబద్ధమని. పడిన మనిషితో ఒక్క మాటా అనలేదు. మంచం పక్కన నిలబడి మాత్రలు వేసింది, కట్టు మార్పించింది, ఈ మాట మాత్రం అనలేదు. ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"నేను లేచి వచ్చేయకుండా ఉండాల్సింది అత్తయ్యా. ఆయన వచ్చాక రావాల్సింది. తప్పయిపోయింది."

ముసలావిడ కోడలి తల మీద చెయ్యి వేశారు. "వీడు నేను నడిచేదాకా ఇక్కడుంటానన్నాడు. నేను నడవబట్టి ఎన్నాళ్ళో అయింది. వీడి అక్క వంట తిని తిని నాకూ విసుగొచ్చింది. ఇంటికెప్పుడు?"

"ఇప్పుడే వెళ్దాం అత్తయ్యా."

"ఇప్పుడంటే ఇప్పుడేగా?" అంటూ ఆవిడ చేతికర్ర నేలకి ఆనించి, కోడలి భుజం పట్టుకుని లేచారు.